హజార్డ్ లైట్లు పెట్టుకున్నానని రెగ్యులేటర్‌కు వారంటీ ఇవ్వకపోవడంపై ఫిర్యాదు

తిప్పర్తి, నల్లగొండ జిల్లా
4 నవంబర్ 2024

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: వారంటీలో ఉన్న నా 125 సీసీ బండికి రెగ్యులేటర్, బ్యాటరీ డబ్బులు వసూలు చేయడం, నన్ను అడగకుండా నా వైరింగ్ కత్తిరించడం గురించి.

అయ్యా,

2023 ఉగాదికి మీ బండి కొన్నాను. 5 ఏళ్ల వారంటీ అని కార్డు మీద ముద్ర వేసి ఇచ్చారు. సర్వీసులన్నీ నల్లగొండలోని మీ సర్వీస్ సెంటర్‌లోనే చేయించాను, ఒక్కటి కూడా తప్పలేదు. దసరాకు ముందు అదే సెంటర్‌లో, బ్యాటరీకి పోయే వోల్టేజ్ హద్దు దాటకుండా చూసే రెగ్యులేటర్‌కు 1,240, బ్యాటరీకి 1,390, లేబర్‌కు 250, మొత్తం 2,880 రూపాయలు నా దగ్గర తీసుకున్నారు. జాబ్ కార్డు మీద "కస్టమర్ బయట వైరింగ్ చేయించాడు, వారంటీ వర్తించదు" అని రాశారు. ఆ మాట తప్పని చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు ఆ వైరింగ్, అంటే బండి ఆగినప్పుడు నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకునే హజార్డ్ లైట్ల వైరింగ్, ఎందుకు చేశానో చెప్పాలి. నేను ఐటీఐ చదివిన ఎలక్ట్రీషియన్‌ని, తిప్పర్తిలో మోటార్ వైండింగ్ షాపు నడుపుతాను. పోయినేడు వానాకాలం కోతలప్పుడు మిర్యాలగూడలో పెళ్లికి పోయి, రాత్రి పదకొండు దాటాక మా ఇంటామెతో, ఆరేళ్ల పాపతో తిరిగి వస్తున్నాను. మాడుగులపల్లి టోల్‌గేటు దాటాక వెనక టైరు పంక్చర్ అయింది. ఆ రోజుల్లో ఆ రోడ్డు ఎట్లుంటదో మా జిల్లాలో ఎవరినడిగినా చెప్తారు. ఎడమ వైపంతా ధాన్యం ఆరబోసి, పైన పట్టాలు కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పేర్చి పెడతారు. బండిని రోడ్డు దించే జాగ లేదు. ఆ ధాన్యం పక్కనుంచే నెట్టుకుంటూ నడవాలి.

మీ బండికి ఇంజిన్ ఆపితే హెడ్‌లైటు, వెనక ఎర్ర లైటు రెండూ ఆరిపోతాయి. 2017 ఏప్రిల్ నుంచి ఇంజిన్ నడిస్తే లైటు దానంతటదే వెలగాలనే నిబంధన వచ్చాక విడిగా లైటు స్విచ్ కూడా తీసేశారు కదా. పంక్చర్ బండిని నెట్టేవాడు ఇంజిన్ నడుపుతూ నెట్టలేడు. తాళం ఆన్‌లో ఉంటే ఇండికేటర్ ఒక్కటే వెలుగుతుంది. అందుకని ఎడమ ఇండికేటర్ వేసి నెట్టాను. నిమిషం కాలేదు, వెనకనుంచి మిల్లుకు పోయే లారీ వచ్చింది. హారన్ వినబడే సరికి దాని గాలి మా ఇంటామె కొంగును లాగింది. పాప పట్టాల మీద పడింది. లారీ ముందుకు పోయి ఆగింది. డ్రైవర్ దిగి వచ్చాడు, అతని చేతులు కూడా వణుకుతున్నాయి. "నువ్వు పక్కకు మలుపుతున్నవనుకున్న. ఆగినవని నాకెట్ల తెలుస్తదన్నా?" అన్నాడు.

అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఒకవైపు ఇండికేటర్ కొట్టుకుంటుంటే అది తిరగబోయే బండి. నాలుగూ ఒకేసారి కొట్టుకుంటుంటే అది ఆగిపోయిన బండి. కారు నడిపేవాళ్లకు, లారీ నడిపేవాళ్లకు అందరికీ ఈ భాష తెలుసు. మీ 125 బండికి ఆ మాట చెప్పే స్విచ్ లేదు. మీరే అమ్మే పెద్ద బండ్లలో హ్యాండిల్ మీద ఎర్ర త్రికోణం గుర్తుతో ఉంది. చిన్న బండి కొన్నవాడు కూడా అదే రోడ్డు మీద పోతాడు, అదే చీకట్లో ఆగుతాడు.

ఆ రాత్రి తర్వాత నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. అందుకే స్విచ్ నేనే పెట్టుకున్నాను. మొదటిసారి తప్పు చేశాను, దాచను. ఇండికేటర్‌ను వెలిగిస్తూ ఆర్పుతూ ఉండే కంపెనీ ఫ్లాషర్‌తోనే నాలుగు బల్బులూ కలిపాను. అది ఒక వైపు రెండు బల్బులకు, అంటే 20 వాట్లకు చేసిన ఫ్లాషర్. 40 వాట్లు పడే సరికి వేడెక్కింది, కొట్టుకోవడం కూడా సరిగా లేదు. అదే సాయంత్రం తీసేసి పాత కనెక్షన్ ఉన్నది ఉన్నట్టు బిగించాను. తర్వాత విడిగా ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కొని, బ్యాటరీ దగ్గరే 5 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టి, అక్కడి నుంచి స్విచ్‌కు, స్విచ్ నుంచి ఆ కొత్త ఫ్లాషర్‌కు వైరు లాగాను. ఫ్లాషర్ నుంచి రెండు 6 ఆంపియర్ల డయోడ్ల ద్వారా ఒకటి ఎడమ ఇండికేటర్ వైరుకు, ఒకటి కుడి వైరుకు కలిపాను. డయోడ్లు ఎందుకంటే, అవి లేకపోతే ఎడమకు వేసిన కరెంటు ఆ జాయింటు దగ్గర కుడికి కూడా పోయి, మామూలు ఇండికేటర్ వేసినా నాలుగూ వెలుగుతాయి. బావిలో ఫుట్ వాల్వ్ నీళ్లను వెనక్కి పోనియ్యనట్టు డయోడ్ కరెంటును వెనక్కి పోనియ్యదు. ప్రతి జాయింటుకూ సోల్డరింగ్ చేసి స్లీవ్ వేశాను. గడియారం పెట్టి లెక్కపెడితే నిమిషానికి 85 సార్లు కొట్టుకుంటోంది. 60 నుంచి 120 మధ్య ఉండాలన్నది ఇండికేటర్లకున్న నిబంధన.

బల్బు ఒక్కటి కొత్తగా పెట్టలేదు. రంగు మార్చలేదు, చోటు మార్చలేదు. బండి ఆగినప్పుడు తప్ప ఎప్పుడూ వేయను. కూడలిలో నేరుగా పోవడానికి నాలుగూ వేసుకుని పోయేవాళ్లు మా ఊళ్లలోనూ ఉన్నారు, అది చాలా ప్రమాదం, పక్కకు తిరిగేవాడు ఎవడో నేరుగా పోయేవాడు ఎవడో తెలియకుండా పోతుంది. షాపుకు వచ్చే పిల్లలకు ఆ మాట చెప్పి పంపుతుంటాను.

ఇక అసలు విషయం. ఈ ఆగస్టులో వెనక లైటు బల్బు పోయింది. కొత్తది వేస్తే ఇరవై రోజుల్లో అదీ పోయింది. తర్వాత ముందు ఎడమ ఇండికేటర్ బల్బు. సీటు తీసి బ్యాటరీ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. రెండు పక్కలా ఉబ్బి తొట్టిలో ఇరుక్కుపోయింది, లాగితే రాలేదు. మీటర్ పెట్టాను. ఇంజిన్ ఆపి ఉంటే 12.6 వోల్టులు. స్టార్ట్ చేసి కొంచెం రేజ్ చేస్తే 16.9. నా హజార్డ్ సెట్ ఫ్యూజ్ పీకేసి మళ్లీ చూశాను, 16.9. ఫ్యూజ్ పెట్టి చూశాను, అదే 16.9. మూడింటికీ ఫోటోలు తీశాను.

కాయిల్ నుంచి వచ్చే ఏసీని డీసీగా మార్చి, అది 14, 15 వోల్టులు దాటకుండా ఆపడమే రెగ్యులేటర్ పని. అది చెడితే ఆపేది ఏదీ ఉండదు, ఉన్న వోల్టేజ్ అంతా బ్యాటరీలోకి, బల్బుల్లోకి పోతుంది. ఇది మీ మెకానిక్‌లకు నేను చెప్పాల్సిన సంగతి కాదు. అయినా మీ సర్వీస్ సెంటర్ మేనేజర్ స్విచ్ చూడగానే "ఇదే బ్యాటరీ తాగేసింది" అన్నారు. మీటర్ పెట్టి చూడండి సార్ అని మూడుసార్లు అడిగాను. పెట్టలేదు.

బ్యాటరీ తాగేస్తే వోల్టేజ్ పడిపోవాలి. ఇక్కడ పెరిగింది. లోడ్ పెరిగితే వోల్టేజ్ తగ్గుతుంది తప్ప పెరగదు, ఒకే లైన్ మీద పది మోటార్లు ఒకేసారి వేస్తే వోల్టేజ్ పడిపోతుందని మా రైతులకు కూడా తెలుసు. పైగా నా స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆ సెట్ తీసుకునే కరెంటు సున్నా. ఆన్‌లో 40 వాట్లు, అంటే 3.3 ఆంపియర్లు, అదీ సగం సేపు వెలిగి సగం సేపు ఆరుతుంది కాబట్టి సగటున 1.7 దాటదు. పెట్టిన తర్వాత దాన్ని నిజంగా వాడిన సందర్భాలు నాలుగైదు, ఒక్కోటి పది నిమిషాలు. దాని వల్ల రెగ్యులేటర్ కాలిందని ఏ ఇంజినీరైనా కాగితం మీద రాసి సంతకం పెడతారా?

మీ వారంటీ కార్డు మళ్లీ మళ్లీ చదివాను. మార్పు చేసిన భాగానికి, ఆ మార్పు వల్ల చెడిపోయిన భాగానికి వారంటీ ఉండదని ఉంది. మార్పు చేస్తే బండి మొత్తానికి పోతుందని ఎక్కడా లేదు. బండికి మార్పులు చేయడం గురించి ఉన్న మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 సంగతి కూడా మేనేజర్ ఎత్తారు. కంపెనీ బల్బులకు ఒక స్విచ్ కలపడం ఆ సెక్షన్ కిందికి ఎట్లా వస్తుందో, వచ్చినా దానికీ రెగ్యులేటర్‌కూ సంబంధం ఏమిటో రాసి ఇవ్వండి. బ్యాటరీ వారంటీ వేరే కంపెనీదని తెలుసు. కానీ దాన్ని ఉడకబెట్టింది మీ రెగ్యులేటర్. చెడిన పాత రెగ్యులేటర్ అడిగితే పారేశామన్నారు. డబ్బులు కట్టినవాడికి పాత సామాను ఇవ్వడం చిన్న మెకానిక్ షాపుల్లో కూడా ఉన్న పద్ధతి.

డబ్బుల కంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇది. బండి తెచ్చుకున్న వారానికి సీటు కింద కాలిన వాసన వచ్చింది. తీసి చూస్తే నా ఎర్ర వైరును కటింగ్ ప్లేయర్‌తో మధ్యలో కత్తిరించి, బ్యాటరీ వైపు కొసకు రెండు చుట్లు నల్ల టేపు చుట్టి వదిలేశారు. ఎండకు టేపు జిగురు కరిగి జారిపోయింది, రాగి పోగులు సీటు తాళం దగ్గర ఇనుముకు తగిలి అక్కడ నల్లగా మచ్చ పడింది. నేను పెట్టిన ఫ్యూజ్ కొట్టేసింది కాబట్టి అక్కడితో ఆగింది. పక్కనే పెట్రోల్ ట్యాంకు ఉంది. కత్తిరించే ముందు ఒక్క ఫోన్ చేసి ఉంటే నేనే వచ్చి ఫ్యూజ్ పీకి, మొత్తం సెట్ విప్పి ఇచ్చేవాడిని. వైరు కత్తిరించామని బిల్లులో లేదు, నోటితో కూడా చెప్పలేదు.

ఆ వైరింగ్ మళ్లీ చేసుకున్నాను. కొత్త రెగ్యులేటర్‌తో, నా హజార్డ్ సెట్ అట్లనే ఉండగా, నెల రోజులుగా వోల్టేజ్ 14.3 దగ్గర నిలబడి ఉంది. ఒక్క బల్బు పోలేదు. మీ మేనేజర్ చెప్పిందే నిజమైతే కొత్త రెగ్యులేటర్ కూడా ఈపాటికి పోవాలి.

నేను అడిగేది ఇది. 2,880 రూపాయలు తిరిగి ఇవ్వండి. జాబ్ కార్డు మీద రాసిన ఆ మాట కొట్టేసి, మిగిలిన వారంటీ అమల్లో ఉందని రాసి ఇవ్వండి, లేకపోతే రేపు ఇంజిన్‌లో ఏం వచ్చినా ఇదే మాట చూపిస్తారు. చెప్పకుండా వైరు కత్తిరించి, కొసను అట్లా వదిలేసినందుకు ఆ సెంటర్ నుంచి లిఖితపూర్వకంగా సమాధానం ఇప్పించండి. ఇంకొకటి, ఇది నా ఒక్కడి కోసం కాదు. ఈ మోడల్‌కు సరిపోయే హజార్డ్ స్విచ్, ఫ్లాషర్, కప్లర్‌తో సహా మీరే ఒక కిట్ చేసి స్పేర్ పార్ట్స్ కౌంటర్లో అమ్మండి. నాకు సామాన్లకు మూడు వందలు కూడా కాలేదు. మీరు చేస్తే వైరు కోసే పని లేకుండా కప్లర్ గుచ్చితే సరిపోతుంది. నా షాపుకు పాలబండ్ల వాళ్లు, కూరగాయలు తెచ్చేవాళ్లు వచ్చి అట్లాంటిది పెట్టమని అడుగుతున్నారు. వారంటీ పోతుందని చెప్పి పంపించేస్తున్నాను, వాళ్లు చీకట్లోనే పోతున్నారు.

ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరులో ఫిర్యాదు నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను. జాబ్ కార్డు, బిల్లు, వారంటీ కార్డు జిరాక్సులు, మీటర్ ఫోటోలు, కాలిన వైరు కొస ఫోటో, నేను గీసిన వైరింగ్ బొమ్మ జతచేశాను. మీ ఇంజినీరు ఎవరైనా వచ్చి చూస్తానంటే బండి, మీటరు రెండూ షాపులోనే ఉంటాయి. ఆదివారం కూడా తెరిచే ఉంచుతాను.

ఇట్లు,
మీ కస్టమర్,
తిప్పర్తి.