పి.ఈ. ఎనిమిదైతే షేరు చవకేనా?

సంపాదకులు గారికి,

రొయ్య ధర బాగున్న ఏడాది కావలి, ఇందుకూరుపేట, కొత్తపట్నం వైపు రొయ్యల మేత, ఎగుమతి కంపెనీల షేర్ల మాటలే వినిపిస్తాయి. 'పి.ఈ. ఎనిమిదే, చవక' అంటారు. పి.ఈ. అంటే షేరు ధరను షేరుకు వచ్చే ఏడాది లాభంతో భాగిస్తే వచ్చే అంకె. బోల్తా పడేది అక్కడే. షేరు ధర 400, షేరుకు లాభం 50 అయితే పి.ఈ. 8. మరుసటి ఏడు మేతలో వాడే సోయా పిండి, చేప పిండి ధరలు పెరిగి లాభం 20కి పడితే అదే ధర దగ్గర పి.ఈ. 20 అయి కూర్చుంటుంది. ఇలాంటి వ్యాపారాలకు ఏడు నుంచి పదేళ్ల సగటు లాభంతో విలువ కట్టాలి.

వార్షిక నివేదికలో ఛైర్మన్ సందేశం, రంగుల ఫొటోలు దాటేసి నగదు ప్రవాహ పట్టిక తీయండి. ఐదేళ్ల నికర లాభాలు కూడితే 500 కోట్లు, వ్యాపారం నుంచి చేతికొచ్చిన నగదు 150 కోట్లే అయితే మిగతాది ఏమైంది? చేతి నుంచి డబ్బు పోకుండానే లాభంలోంచి తీసేసే తరుగుదలను (యంత్రాలు, కట్టడాల అరుగుదల ఖర్చు) ఇక్కడ తిరిగి కలుపుతారు గనుక నిజానికి నగదే ఎక్కువ ఉండాలి. చాలాసార్లు అది గోదాములో సరుకుగానో, రావాల్సిన బాకీలుగానో ఇరుక్కుని ఉంటుంది. అమ్మకాలు 10 శాతం, బాకీలు 40 శాతం పెరిగాయంటే అరువు మీద అమ్ముతున్నట్టే. అరువుకు మేతిచ్చిన డీలరు పుస్తకంలోనూ లాభం కనిపిస్తుంది, చెరువులో రొయ్యలకు తెల్లమచ్చ రోగం తగిలేదాకా!

ఆడిటరు అభ్యంతరాలు, ప్రమోటర్ల (కంపెనీని చేతిలో ఉంచుకున్న యజమానుల) సొంత సంస్థలతో లావాదేవీలు కూడా చూడాలి. ప్రమోటర్లు తాకట్టు పెట్టిన షేర్ల లెక్క మూడు నెలలకోసారి ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ స్టాక్ ఎక్స్ఛేంజీల సైట్లలో ఉచితంగానే దొరుకుతుంది.

మీ వ్యాపార పేజీలో టార్గెట్ ధరల పక్కన ఈ ఐదేళ్ల నగదు అంకె కూడా వేయగలరా?

— ఒక పాఠకుడు, కావలి