సుంకి ఘాట్‌లో మాకు దారి ఇప్పించిన సాలూరు అబ్బాయికి

ఒడిశాలోని మా దామన్‌జోడి మిత్రులకు, ఆంధ్రలో సాలూరు, విజయనగరం వైపు ఉన్న బంధువులకు నమస్కారం. పేగు మెలిపడిన మా నాన్నగారికి ఆపరేషన్ జరిగింది, ప్రాణభయం లేదని డాక్టరు చెప్పారు. నిన్న వార్డుకు మార్చారు; ఈ పూట నుంచి చెంచాతో మంచినీళ్లు పట్టవచ్చన్నారు. ఫోన్లు చేసిన అందరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక, విజయనగరం ఆసుపత్రిలో వార్డు బయట బల్ల మీద కూర్చొని ఇది రాస్తున్నాను.

తమ్ముడు, మా ఆవిడ, అక్కాబావలు రాత్రనక పగలనక కనిపెట్టుకొని ఉన్నారు. ఇంటివాళ్లకు కృతజ్ఞతలు చెబితే నన్నే తిడతారు. నేను చెప్పవలసింది ఒడిశా నుంచి సాలూరు వైపు కొండ దిగే సుంకి ఘాట్ రోడ్డులో తారసపడిన ఒక లారీ క్లీనరు గురించి.

ఆ రాత్రి మేము మొదట దామన్‌జోడి వైపు వెళ్లిన ఆసుపత్రిలో నాన్నగారి పొట్ట ఉబ్బును చూసి, సర్జన్ లేరు, కింద విజయనగరానికి తీసుకుపొమ్మని చీటీ రాసి ఇచ్చారు. అంబులెన్సు అడిగితే రాష్ట్రం దాటడానికి వీల్లేదన్నారు. మా వీధిలో బొలేరో ఉన్న ఆయనను నిద్రలేపి బయలుదేరాము. సెమిలిగూడ, పొట్టంగి దాటేవరకు పొగమంచు తప్ప వేరే ఇబ్బంది లేదు. సుంకి దాటి ఘాట్ దిగుతుండగా వాన ఎత్తుకుంది. ఒక మలుపులో కమాను కట్ట విరిగిన లారీ అడ్డంగా నిలిచిపోవడంతో, దాని ముందూ వెనుకా కనుచూపు మేర లారీలు బారు తీరి ఉన్నాయి.

యూరియా గోతాన్ని మూలకు మడిచి నెత్తిన వేసుకున్న ఒక అబ్బాయి, ఇరవై ఏళ్లకు మించి ఉండవు, మా బండి దగ్గరకు వచ్చి అద్దంలోంచి తొంగిచూశాడు. ఎవరు, ఏమిటి అని అడగలేదు. నేను నాన్నగారి కాళ్లు ఒళ్లో పెట్టుకొని పట్టుకొని ఉన్నాను. కుదుపు వచ్చినప్పుడల్లా ఆయన తల కిటికీ అద్దానికి కొట్టుకుంటోంది. ఆ అబ్బాయి తలుపు తీసి, చొక్కా లోపల తడవకుండా దాచుకున్న తువ్వాలును నాలుగు మడతలు వేసి, నాన్నగారి చెంపకూ అద్దానికీ మధ్య పెట్టి, తలుపు మెల్లగా నొక్కి మూశాడు. తరువాత సెల్‌ఫోను లైటు వేసుకొని మా బండికి ముందు నడవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క లారీ తలుపును అరచేత్తో బాదుతూ, "లోపల మనిషున్నాడు, కాస్త ఎనక్కి తియ్యండి" అని అరుస్తూ, ఒకరిని జానెడు వెనక్కి, ఇంకొకరిని కొండవైపు మట్టిలోకి జరిపిస్తూ, లోయవైపు గోడ వారగా మా బండి పట్టేంత సందు చేసి, ఆ బారు చివరి దాకా మమ్మల్ని దింపాడు. డబ్బు ఇవ్వబోతే చేయి వెనక్కి లాక్కున్నాడు. సాలూరు లారీ అని మాత్రం చెప్పాడు. పేరు అడిగితే, "పేరెందుకు బావూ, బేగెల్లిపోండి" అన్నాడు. ఇంటి దగ్గర మొదలుకొని అంతవరకు చెక్కుచెదరని నేను, అక్కడ మాత్రం వెక్కివెక్కి ఏడ్చాను. ఆ వానలో అతను తిరిగి తన లారీ దాకా ఎక్కి వెళ్లాలి.

మెలిపడిన పేగుకు రక్తం అందదు. ఆలస్యమైన కొద్దీ అది కుళ్లుతూ పోతుంది. విజయనగరంలో ఆపరేషన్ చేసిన సర్జన్ కొంత ముక్క తీసేసి, మిగతాది దక్కిందన్నారు. ఆ దక్కిన దానిలో ఆ అబ్బాయి వాటా ఎంతో నాకు తెలుసు. సాలూరంటే లారీల ఊరు కనుక, అక్కడి యజమానులలో ఎవరైనా ఇది చదివితే మీ క్లీనర్లకు వినిపించండి. తువ్వాలు ఉతికించి ఉంచాము, ఎరుపు గళ్లది.

ఒక్క మాట అనకుండా ఉండలేకపోతున్నాను. 1970లలో ఈ తూర్పు కనుమల్లో అల్యూమినియం తీసే బాక్సైటు ఖనిజం నిల్వలు బయటపడ్డాయి. 1981లో నాల్కో అనే కేంద్ర ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ ఏర్పడింది, 1985లో దామన్‌జోడి దగ్గరి పంచపట్మాలి కొండ మీద గని మొదలైంది. మక్కువ దగ్గరి పల్లె నుంచి కూలికి వచ్చిన మా నాన్నగారు దామన్‌జోడిలోనే కాంట్రాక్టు పనుల్లో ముసలివారయ్యారు. కొండ మీద తవ్విన మట్టి 14.6 కిలోమీటర్ల బెల్టు మీద ఫ్యాక్టరీకి దిగుతుంది, అక్కడ దాని నుంచి తీసిన అల్యూమినా పొడి వ్యాగన్లకెక్కి విశాఖ రేవుకు చేరుతుంది. దానిని మీది ఏ రాష్ట్రమని ఎవరూ ఆపరు. అదే కొండ కింద బతికిన మా నాన్నగారికి మాత్రం ఎగువన అంబులెన్సు సరిహద్దు దాటలేదు, దిగువన మా ఒడిశా వైద్య కార్డు చెల్లలేదు, ముందు అడ్వాన్సు కట్టమన్నారు. ఘాట్ మొత్తానికి రాత్రిపూట ఒక్క క్రేను ఉంచినా ఆ అబ్బాయికి అంత పని పడేది కాదు.

రాసిన తరువాత గుర్తుకొస్తున్నవారు చాలామంది ఉన్నారు. పిల్లలను తన ఇంట్లో పడుకోబెట్టుకొని, ఈనాటికీ మా ఆవుకు గడ్డి వేస్తున్న పక్కింటి మావుసికి (ఒడియాలో పిన్ని) ఋణపడి ఉన్నాము. అర్ధరాత్రి షట్టరు ఎత్తి సెలైన్ సీసాలు ఇచ్చిన మందుల షాపు ఆయనకు డబ్బు ఇంకా ఇవ్వలేదు, తమ్ముడు వచ్చి ఇస్తాడు. రక్తం ఇచ్చిన ఇద్దరు డిగ్రీ కుర్రాళ్లకు, ఒడియాలో ఉన్న చీటీని ఇక్కడి కౌంటరులో చదివి చెప్పిన రాయగడ పెద్దమనిషికి నమస్కారాలు. బొలేరో ఆయనను ఇంతసేపూ మరిచాను. డీజిలు డబ్బులు తప్ప ఒక్క రూపాయి తీసుకోలేదు, వెనుక సీటు పాడైతే ఏమీ అనలేదు. ఆ సీటు కడిగించే ఖర్చు మాది, దయచేసి ఆయన కాదనకూడదు.