బేరింగ్ పడిన కార్డుల సంగతి

ఈ దసరా సెలవుల్లో మా దగ్గర పోస్ట్‌కార్డులు చేయించుకున్న అందరికీ నమస్కారం.

మీలో కొందరి చుట్టాలకు కార్డుతో పాటు ఎనిమిది రూపాయల బేరింగ్, అంటే స్టాంపు చాలనందుకు అందుకునేవాళ్లు కట్టే ఖర్చు కూడా అందింది. ఆ తప్పు పోస్ట్‌మ్యాన్‌ది కాదు, మీదీ కాదు. మాదే. జరిగింది జరిగినట్టు చెప్పేస్తే నాకూ టెన్షన్ తగ్గుతుంది.

రాజమండ్రిలో మాది పాత స్టూడియో. నాన్న హయాంలో పెళ్లి ఆల్బములు, పాస్‌పోర్టు ఫొటోలతో ఇల్లు గడిచింది. ఇప్పుడు అందరి చేతుల్లో కెమెరాలే. పాపికొండలు వెళ్లినా, కాశీ వెళ్లినా వందల ఫొటోలు తీస్తారు, అవి ఫోన్లోనే పడి ఉంటాయి. వాటిలో ఒకటి కార్డుగా వేసి ఇస్తే, వెనక నాలుగు ముక్కలు రాసి అయినవాళ్లకు పంపుకుంటారు కదా అని ఈ పని మొదలుపెట్టాం. మీరూ బాగానే ఆదరించారు. అక్కడే నాకు కొంచెం తల తిరిగింది.

కార్డును 6 బై 4 అంగుళాల్లో వేశాను. స్టూడియోవాడికి చేతికి అలవాటైన సైజు అది, ఫొటో నిండుగా కనిపిస్తుంది. కానీ తపాలా లెక్కలో పోస్ట్‌కార్డు అంటే 14 సెంటీమీటర్లు బై 9. మాది 15.2 బై 10.2. ఆ సెంటీమీటరు దాటితే అది కార్డు కాదు, ఉత్తరం. ఉత్తరానికి 20 గ్రాముల వరకు 5 రూపాయల స్టాంపు ఉండాలి. నేనేమో పోస్ట్‌కార్డుకు అర్ధ రూపాయే కదా అనుకుని, 50 పైసల స్టాంపులు దొరక్క రూపాయి స్టాంపు అంటించి పంపాను. తగ్గింది నాలుగు రూపాయలు. బేరింగ్ పడితే తగ్గినదానికి రెట్టింపు, అందుకునేవాళ్ల దగ్గర వసూలు చేస్తారు. అదీ ఎనిమిది రూపాయల కథ.

అన్నిటికీ పడలేదు. చాలా కార్డులు ఎవరూ అడక్కుండానే చేరిపోయాయి, అందుకే మాకు ఆలస్యంగా తెలిసింది. వరంగల్ హాస్టల్లో ఉన్న మనవరాలికి కాశీ ఘాట్ ఫొటో పంపిన ఒక మామ్మగారు కొట్టుకొచ్చి, "ఏమయ్యా, ముచ్చటపడి నేను పంపితే పిల్ల చేత డబ్బు కట్టించావా" అని నలుగురిలో అడిగేశారు. చేతిలో చిల్లర లేక ఆ అమ్మాయి పక్కగది పిల్ల దగ్గర అప్పు చేసిందట. నా దగ్గర జవాబు లేదు.

బేరింగ్ కట్టినవాళ్లు మాకు వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టండి, రుజువులు అక్కర్లేదు. ఎనిమిది రూపాయలు వెనక్కి ఇచ్చి, అదే ఫొటోను సరైన సైజులో మళ్లీ వేసి, స్టాంపుతో సహా మేమే పోస్టు చేస్తాం. కార్డు తిరిగొచ్చినవాళ్లకూ అంతే.

రెండో తప్పు గ్లాసీ. ఫొటో మెరవాలని రెండువైపులా గ్లాసీ లామినేషన్ చేయించాను. ముందువైపు బాగుంది. వెనకవైపు జెల్ పెన్నుతో రాసిన అడ్రసు వేలు తగలగానే అలుక్కుపోయింది. పోస్టాఫీసు ముద్ర కూడా సరిగా పట్టలేదు. అన్నవరంలో వ్రతం చేసుకున్న ఒక జంట తమ ఫొటోను కార్డుగా వేయించి, పెద్దవాళ్లకు పంపేది కదా అని నాలుగు మూలలా పసుపు రాయబోతే పసుపు కూడా జారిపోయింది. ఇంతకన్నా ఏం చెప్పాలి! ఇప్పుడు 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) బోర్డు, ఒకవైపే నునుపు ఉన్నది తెప్పించాం. ఫొటో వైపు మెరవని మ్యాట్, రాసే వైపు మామూలు కాగితంలా గరుకు. బాల్‌పెన్ను, స్కెచ్, పసుపు అన్నీ పట్టుకుంటున్నాయి. నేనే తడిచేత్తో రుద్ది చూశాను. బరువు నాలుగు గ్రాములు కూడా లేదు.

సైజు తగ్గింది కాబట్టి ఒక విషయం ముందే చెప్పాలి. ఫోన్ ఫొటో సాధారణంగా 4 బై 3 నిష్పత్తిలో ఉంటుంది. కార్డు దానికన్నా పొడవు ఎక్కువ, ఎత్తు తక్కువ. అడ్డంగా తీసిన ఫొటోలో పైనా కిందా కలిపి ఒకటిన్నర సెంటీమీటర్ల మేర పోతుంది. తల దగ్గర ఖాళీ లేకుండా తీసిన గ్రూప్ ఫొటో అయితే పొడుగాటి బావగారి జుట్టు పోవడం ఖాయం. ఎక్కడ కోస్తామో గీత గీసి మీకు పంపి, మీరు సరే అన్నాకే ప్రింటుకు ఇస్తాం.

ఫొటోలు దయచేసి వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, డాక్యుమెంటుగా పంపండి. కార్డు బాగా రావాలంటే పొడవు వైపు కనీసం 1650 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్ మామూలుగా పంపితే 1600 దగ్గరికి కుదించేస్తుంది, దానిపైన మనం మళ్లీ కోస్తాం. అందుకే కొన్ని బొర్రా గుహలు మసకమసకగా వచ్చాయి, నిజానికి అవి మీరు బాగానే తీశారు. రంగుల విషయంలో మాత్రం నేను హామీ ఇవ్వలేను. ఫోన్ తెర వెలుగుతుంది, కాగితం వెలగదు. నాలుగు ఇంకుల ప్రింటులో విశాఖ సముద్రం నీలం కొంచెం దిగుతుంది. గోదావరి మీద సాయంత్రం రంగులు మాత్రం ఇంచుమించు అలాగే వస్తాయి, ఇది సొంత ఊరి మీద అభిమానంతో అంటున్న మాట కాదు.

ఇక ధర. కార్డు 20 రూపాయలు ఉండేది, ఇకపై 25, స్టాంపు వేరు. ఒక్క కార్డు కావాలన్నా వేసి ఇచ్చేవాళ్లం, అది ఆపేశాం. 12 బై 18 అంగుళాల షీటులో ఈ సైజువి కటింగ్ అంచులతో కలిపి తొమ్మిది పడతాయి. ఒక్కటి వేసినా షీటు మొత్తం నాకు ఖర్చే. అందుకే కనీసం తొమ్మిది. తొమ్మిదీ ఒకే ఫొటో కానక్కర్లేదు, ఇద్దరు ముగ్గురు కలిసి ఇచ్చినా సరే.

స్టాంపు ఎంత అని అడుగుతున్నారు. 1879లో మన దేశంలో కాలణాకు మొదలైన కార్డు ఇప్పటికీ అర్ధ రూపాయికే దొరుకుతుంది, కాకపోతే అది తపాలా శాఖవారి మామూలు కార్డు. ప్రింటు వేసిన పోస్ట్‌కార్డుకు 6 రూపాయలు. బొమ్మ అచ్చయిన మన కార్డును ఏ కౌంటర్లో ఎలా చూసినా తక్కువ పడకూడదని దేశం లోపల వాటికి ఆరు రూపాయలే అంటిస్తున్నాం. ఉత్తరానికి ఐదు, కార్డుకు ఆరా అంటే, నేనూ అదే అడిగాను, రేటు అంతేనండి. అమెరికా, దుబాయ్ కార్డులకు ఆ రోజు కౌంటర్లో అడిగి అంటిస్తాం.

అడ్రసు, పిన్ కోడు మీ చేత్తో మీరే రాయండి. కార్డు మీద రాసింది దారిలో ఎవరైనా చదువుతారని గుర్తుంచుకోండి. మొన్న ఒకాయన తోడల్లుడికి అరకు ఫొటో పంపుతూ వెనక అప్పు సంగతి రాశారు. పొరపాటేమో అని అడిగితే, కార్డు మీద రాసిందే అందుకు అన్నారు.

మామ్మగారి కార్డు సోమవారం మళ్లీ వేశాం. ఆరు రూపాయల స్టాంపులు ఆవిడ ఎదురుగానే అంటించాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని లెక్కపెట్టుకున్నారు. అయినా నమ్మకం కుదరక సంచిలోంచి ఇంకో రూపాయి స్టాంపు తీసి, పక్కన తనే అంటించి పట్టుకెళ్లారు.