నడుము ఆపరేషన్ తర్వాత మిగిలే నొప్పి: ఇంట్లోవాళ్లు చేయగలిగింది చాలా ఉంది

సంపాదకుల వారికి,

నడుముకు ఆపరేషన్ అయిన పెద్దవాళ్లను ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితం చివర ‘బరువులు ఎత్తరాదు, వంగరాదు, ఫిజియోథెరపీ’ అని ఇంగ్లీషులో రాసి ఇస్తారు. ఆ మూడు ముక్కలతో ఇంట్లోవాళ్లు ఏం చేయాలి? నెలలు గడిచినా నొప్పి పోకపోతే ఆపరేషన్ ఫెయిలైందని కొందరు, అంతా మనసులోనే ఉందని కొందరు తేల్చేస్తారు. రెండూ తొందరపాటు మాటలే. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో, ఆపరేషన్ తర్వాత 3 నెలలు దాటినా ఉండే నొప్పికి విడిగా చోటుంది. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు ముక్క తీసేసినా చాలాకాలం నలిగిన నరం వెంటనే కోలుకోదు. ఈలోగా వెన్ను కండరాలు చిక్కిపోతాయి. అందుకే స్కాన్ బాగున్నా నొప్పి నిజంగానే ఉండొచ్చు.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ స్పర్శ లేకపోవడం, పాదం ఉన్నట్టుండి వాలిపోవడం, జ్వరంతో పాటు కుట్ల దగ్గర చీము కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక రోజువారీ సంగతి. ప్రేమ కొద్దీ ‘నువ్వు కదలకమ్మా’ అనడమే ఎక్కువ చేటు చేస్తోంది. దానికి తోడు, నొప్పి తక్కువగా ఉన్న రోజున అమ్మ ఇల్లంతా సర్దేస్తుంది, తర్వాత రెండు రోజులు మంచం దిగదు. ఇలా నాలుగు వారాలు గడిస్తే ఉన్న బలమూ పోతుంది. దీనికి గడియారమే మందు. నిలబడితే 10 నిమిషాలకు నొప్పి మొదలవుతుందనుకోండి, 7 నిమిషాలకే కూర్చోబెట్టాలి. నడకా అంతే: ఒకేసారి అరగంట కాకుండా 5 నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదు సార్లు. మూడు నాలుగు రోజులకు ఒక నిమిషం పెంచాలి. నొప్పి ముదిరిన రోజు సగానికి తగ్గించండి, పూర్తిగా మాత్రం మానొద్దు. టీవీ ముందు కూర్చుంటే ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేచి నిలబడమనండి. స్క్రూలు, రాడ్లు వేసినవాళ్లు వంగడం గురించి సర్జన్ పెట్టిన గడువును మాత్రం తప్పకుండా పాటించాలి.

మంచం దిగే తీరు నేర్పాలి. వెల్లకిలా ఉండి నేరుగా లేవబోతే భారమంతా నడుము మీదే పడుతుంది. ముందు మోకాళ్లు మడిచి, భుజం, తుంటి ఒకేసారి కదిలేలా పక్కకు ఒత్తిగిలాలి. కాళ్లు అంచు నుంచి కిందికి జార్చుతూనే మోచేయి, అరచేయి పరుపుకు ఆనించి లేవాలి. ఒక నిమిషం కూర్చుని, తల తిరగడం లేదని చూసుకున్నాకే నిలబడాలి. చంకలో చేయి వేసి లాగితే వాళ్ల నడుమూ మీ నడుమూ రెండూ పోతాయి. కుంగిన నవారు మంచం వద్దు, నేల మీద చాపా వద్దు. కూర్చుంటే పాదాలు నేలకు ఆనే ఎత్తు, చాలామందికి 18 నుంచి 20 అంగుళాలు, సరిపోతుంది. స్నానానికి స్టూలు వేసి, బకెట్‌ను కూడా పీట మీద పెడితే వంగే పని తగ్గుతుంది. కాపడం పెడితే గుడ్డ చుట్టి 15 నిమిషాలు చాలు. షుగర్ ఉండి స్పర్శ తగ్గినవాళ్లకు చర్మం కాలినా తెలియదు.

మాత్రల లెక్క చాలా ఇళ్లలో తప్పుతోంది. పారాసిటమాల్ 650 రోజుకు నాలుగు వేస్తే 2,600 మిల్లీగ్రాములు. అసెక్లోఫెనాక్ అనే నొప్పి మందు కలిసిన మాత్రలో మరో 325 పారాసిటమాల్ ఉంటుంది, రెండు పూటలా వేస్తే మొత్తం 3,250. పెద్ద వయసువాళ్లకు 3,000 దాటకుండా చూడటం మంచిది. బీపీ మాత్రలు వాడేవాళ్లకు డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్ జాతి నొప్పి మందులు కిడ్నీని దెబ్బతీసే ప్రమాదం ఎక్కువ. ఆర్ఎంపీ దగ్గర వేయించే నొప్పి ఇంజెక్షన్లలోనూ తరచూ ఉండేది అదే. నరాల మంటకు ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ పనిచేయడానికి వారాలు పట్టొచ్చు. నాలుగు రోజులకే పనిచేయలేదని మానేయకూడదు, వాడుతున్నవి ఒక్కసారిగా ఆపనూకూడదు. తల తిరుగుతుంది గనుక రాత్రి బాత్రూం దారిలో దీపం వెలగాలి. వాటికి ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు తోడైతే మత్తు పెరుగుతుంది, ఊపిరి మందగించే ప్రమాదమూ ఉంది. ట్రమడాల్‌తో మలబద్ధకం వస్తుంది, ముక్కితే నడుము నొప్పి ఇంకా పెరుగుతుంది. డాక్టరు అడగకపోయినా ఈ సంగతి మీరే చెప్పండి.

అమెరికా నుంచి రోజూ ఫోన్ చేసే పిల్లలకు ఒక మాట. ‘నొప్పి ఎలా ఉంది?’ అని పదేపదే అడిగితే వాళ్ల ధ్యాసంతా నొప్పి మీదికే పోతుంది. ‘ఇవాళ గేటు దాకా ఎన్నిసార్లు నడిచారు నాన్నా?’ అని అడగండి. నడక, నిద్ర, మాత్రలు ఒక పుస్తకంలో రాయించండి. మందు మార్చాలా వద్దా అన్నది డాక్టరు దాన్ని చూసి తేల్చుకోగలరు.

2010లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమంలో జిల్లా ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ సేవలు కూడా భాగమే. ప్రతి జిల్లాలో అవి ఏ రోజుల్లో, ఏ గదిలో దొరుకుతాయో రెండు రాష్ట్రాల వైద్య శాఖలు ప్రకటించాలి. వెన్ను ఆపరేషన్ చేసే ప్రతి ఆసుపత్రీ మంచం దిగే బొమ్మలు, నడక పట్టిక, మాత్రల లెక్క, అత్యవసర లక్షణాలు ఉన్న తెలుగు కాగితాన్ని డిశ్చార్జి రోజే ఇంట్లోవాళ్లకు చదివి వినిపించి చేతికివ్వాలి.

— ఇద్దరు ఫిజియోథెరపిస్టులు, హనుమకొండ