మన కాలనీ సంక్షేమ సంఘం: పసిపిల్లల ఆటల కార్యక్రమంపై 2024–25 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, ఆదివారం పూట టిఫిన్లు కూడా ముగించకుండా వచ్చిన కాలనీవాసులందరికీ నమస్కారం.

కిందటేడు ఇదే హాల్లో, మూడు నుంచి ఐదేళ్ల మధ్య పిల్లలకు ఒళ్లు కదిలే ఆటలు ఏవైనా మొదలుపెట్టాలని తీర్మానించారు. "కార్యదర్శి గారు డ్రిల్లు మాస్టారే కదా, ఆయనే చూసుకుంటారు" అని చప్పట్లు కొట్టి పని నా నెత్తిన పెట్టారు. ముప్పై ఏళ్లు హైస్కూలు పిల్లలతో వేగినవాణ్ని, ఈ బుడతలెంత అనుకున్నాను. జూన్‌లో మొదటి శనివారం సాయంత్రం ఈల వేసి వరసలో నిలబెట్టబోయాను. ఈల చప్పుడుకి ముగ్గురు ఏడుపు లంకించుకున్నారు. ఒకడు చెప్పులు అక్కడే వదిలేసి ఇంటికి లగెత్తాడు. ఆ నెలంతా అంత చక్కగా పరుగెత్తినవాడు వాడొక్కడే. ఈల ఆ రాత్రే బీరువాలో పెట్టేశాను, మళ్లీ తీయలేదు.

జూలై నుంచి పద్ధతి మార్చాం. శని, ఆదివారాలు సాయంత్రం 5.30 నుంచి 6.30 దాకా పార్కులో ఆట. షరతు ఒక్కటే. పిల్లల్ని గేటు దగ్గర దింపేసి వెళ్లిపోకూడదు. ఇంట్లోంచి ఒక పెద్దమనిషి చెప్పులు విప్పి ఆటలోకి దిగాలి. దీనిమీద నడిచిన పేచీలన్నీ మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి. "మేమే ఆడించుకుంటే ఇక సంఘమెందుకు?" అన్నవారికి అప్పుడు చెప్పిందే ఇప్పుడూ చెబుతున్నాను. సంఘం దగ్గర మీ పిల్లలుండేది వారానికి రెండు గంటలు. మిగతా వారమంతా మీ దగ్గరే ఉంటారు. ఇక్కడ చూసింది మీరు డాబా మీదా వసారాలోనూ చేయించకపోతే ఈ రెండు గంటలూ కాలక్షేపమే.

ఆగస్టులో రెండో లైనులో ఉండే పిల్లల డాక్టరమ్మ గారు మన హాల్లో గంటసేపు మాట్లాడారు. ఐదేళ్లలోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనలు వివరించారు. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకి కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదపాలి. అందులో 60 నిమిషాలైనా రొప్పు వచ్చేంత ఆట ఉండాలి. ఫోను, టీవీ కలిపి గంట దాటకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. నిద్ర 10 నుంచి 13 గంటలు. "మూడు గంటల ఆటా! మా వాడికి సాయంత్రం ట్యూషనుందండీ" అని ఒకాయన లేచారు. ఆ ట్యూషనుకు వెళ్లేవాడికి నాలుగో ఏడు ఇంకా నిండలేదు. డాక్టరమ్మ గారు కోప్పడలేదు. "ఒకేసారి మూడు గంటలని కాదండీ. మెట్లెక్కడం, మొక్కలకి చెంబుతో నీళ్లు మోయడం, పాలబూత్ దాకా ఎత్తుకోకుండా నడిపించడం, అన్నీ లెక్కే" అన్నారు. పాలబూత్ మాట అందరికీ తగిలింది. రెండొందల గజాల దూరానికి పిల్లాణ్ని స్కూటరు ముందు నిలబెట్టి తీసుకెళ్లేవాళ్లం మనమే.

ఆ సభలోనే వాకర్ల సంగతి వచ్చింది. పిల్లాణ్ని మధ్యలో కూర్చోబెట్టే చక్రాల వాకరు నడక నేర్పదని, మెట్ల మీంచి దొర్లే ప్రమాదమే ఎక్కువని, కెనడాలో 2004లోనే వాటి అమ్మకం నిషేధించారని ఆవిడ చెప్పారు. మన ఇళ్లలో ఒకప్పుడుండే కర్ర చేసిన మూడు చక్రాల బండే నయమని వెనక వరసలోంచి ఒక బామ్మగారు అన్నారు. నిజమే, అందులో పిల్లాడు తన కాళ్ల మీద తనే నిలబడి తోసుకుంటాడు.

ఏ వయసుకు సుమారుగా ఏం వస్తుందో డాక్టరమ్మ గారు చెప్పినవి రాసి నోటీసు బోర్డుకి అంటించాం. మూడేళ్లకి మెట్టుకొక కాలు మార్చి ఎక్కడం, మూడు చక్రాల సైకిలు తొక్కడం. నాలుగేళ్లకి ఒంటికాలి మీద గెంతడం. ఐదేళ్లకి కాళ్లు మార్చి మార్చి ఎగురుకుంటూ పోవడం. మూడో రోజుకల్లా ఆ కాగితం దగ్గర మార్కుల లిస్టు దగ్గరున్నట్టు జనం. "మా పాప అప్పుడే గెంతుతోంది, మీ బాబుకి ఇంకా రాలేదా?" అని ఒకరు అడగడం, రెండో ఆవిడ మొహం చిన్నబోవడం నా కళ్లారా చూశాను. కాగితం పీకి జేబులో పెట్టుకున్నాను. కొన్ని నెలలు అటూ ఇటూ కావడం పిల్లల్లో మామూలు. నిజంగా అనుమానముంటే డాక్టరుని అడగండి, పక్కింటివాళ్లని కాదు.

ఆటలకు కొన్నది చాలా తక్కువ. మొదట్లో రబ్బరు బంతి విసిరితే పిల్లలు కళ్లు గట్టిగా మూసుకుని చేతులు చాపేవారు. బంతి ముక్కుకి తగిలేది, అక్కడితో ఆట సరి. నాలుగో లైను టైలరు గారు పాత చీరలు చుట్టి తలకాయంత గుడ్డబంతులు ఆరు కుట్టి ఇచ్చారు. గుడ్డబంతి మీదపడ్డా నొప్పుండదు, ఎగిరి దూరంగా పోదు. పిల్లలు మొదట రెండు చేతులతో గుండెకి హత్తుకుని పట్టారు. దసరా సెలవులు అయ్యేసరికి కొందరు ఒంటికి తగలకుండా చేతులతోనే పట్టడం మొదలుపెట్టారు. అప్పుడు చిన్న బంతికి, ఆ తర్వాత చింతపిక్కలు పోసి కుట్టిన సంచికి వెళ్లాం. తొక్కుడుబిళ్ల గళ్లు గీసి, మూడేళ్లవాళ్లని రెండు కాళ్లతో, నాలుగేళ్లవాళ్లని కుంటుకుంటూ వెళ్లనిచ్చాం. గీత తొక్కితే ఔటు లేదు. కప్పగంతులు, నాలుగు స్తంభాలాట, నేల మీద పరిచిన తాడు మీద అడుగు వెనక అడుగు, సైకిలు టైరు దొర్లించడం, ఇవన్నీ మనకి తెలిసినవే. తెలిసినవి కనుకనే పెద్దవాళ్లు సిగ్గు పడకుండా దిగారు. ఒప్పులకుప్ప తిరుగుతున్న తాతలకి నేనే కళ్లు తిరుగుతాయని అడ్డం పడాల్సొచ్చింది.

వినాయక చవితికి ముందు రెండు సాయంత్రాలు మట్టి తెప్పించి పిసికించాం. బొమ్మలు ఏనుగుల్లాగా లేవు, వంకాయల్లా ఉన్నాయి. కానీ మట్టి పిసికిన వేళ్లకే పెన్సిలు పట్టే బలం వస్తుంది. భుజం, మణికట్టు గట్టిపడకుండా నాలుగు గీతల నోటుబుక్కు ముందు కూర్చోబెడితే పిల్లాడు చేతిరాత నేర్చుకోడు, చెయ్యి నొప్పి నేర్చుకుంటాడు. జాతీయ విద్యా విధానం 2020 మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అని, అందులో ఆటతోనే చదువని చెప్పింది. మన పిల్లల ఎల్‌కేజీ సంచులు మోసి చూస్తే ఆ మాట ఇంకా అక్కడిదాకా చేరినట్టు లేదు.

ధనుర్మాసంలో మన ప్రమేయం లేకుండానే ఒక మంచి పని జరిగింది. మూడో లైనులో ఒకావిడ పెద్ద చుక్కల ముగ్గు పెట్టబోయి, చుక్కలు పెట్టేసరికి పాలు పొంగిన వాసన వచ్చి లోపలికి పరుగెత్తారు. వచ్చి చూసేసరికి ఆవిడ కూతురు చుక్క మీంచి చుక్క మీదకి గెంతుతోంది. ఆవిడ ముగ్గు మానేసి చుక్కలు దూరం జరిపి పెట్టారు. మర్నాటికి ఆ లైనులో ఐదిళ్ల ముందు ముగ్గు లేదు, చుక్కలే. సంప్రదాయం పోయిందని ఒకరిద్దరు నాకు ఫిర్యాదు చేశారు. నేను విన్నాను.

ఇక సంక్రాంతి తర్వాతి ఆదివారం. ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది అదే. పార్కులో ఒక అడ్డంకుల దారి వేశాం. పాత స్కూటరు టైర్లు ఎనిమిది, ఇటుకల మీద పరిచిన సెంట్రింగు చెక్క, బెంచీల మధ్య కప్పిన చీరల సొరంగం, చివర ఇసుక గుంట. పెద్దలూ పిల్లలూ జంటగా వెళ్లాలి. మొదటి బహుమతి లేదు. "మరి ఫస్టు ఎవరొచ్చారో ఎలా తెలుస్తుంది?" అని ఒక నాన్నగారు ఆఖరిదాకా నా వెంటే తిరిగారు. వచ్చిన ప్రతి బిడ్డకీ ఒక ఏటికొప్పాక లక్క బొంగరం ఇచ్చాం, వేళ్లతో తిప్పేది.

ఆ రోజు ఒక్కటి చెప్పాలి. మొదటి లైనులో ఒక బాబున్నాడు. ఆరు నెలలుగా ప్రతి శనివారం వచ్చేవాడు, తాతగారి భుజం దిగేవాడు కాదు. ఇసుక అంటే భయం. కాలికి ఇసుక తగిలితే కొంగలా ఒంటికాలి మీద నిలబడి వేళ్లు ముడుచుకునేవాడు. ఆ రోజు వాళ్ల నాయనమ్మ గారు వచ్చారు. మోకాళ్ల నొప్పులని గుడి మెట్లు కూడా ఎక్కని మనిషి. చెంగు బొడ్లో దోపుకుని ఏమీ మాట్లాడకుండా చీరల సొరంగంలోకి దూరిపోయారు. బాబు కాసేపు చూశాడు. లోపలినుంచి నాయనమ్మ దగ్గు వినబడింది. తాతగారి చొక్కా వదిలి, కిందికి జారి, పాక్కుంటూ లోపలికెళ్లాడు. అవతల నాయనమ్మ ఇసుకలో చతికిలబడి ఉన్నారు, లేవలేకపోతున్నారు. వాడు ఇసుకలో నిలబడి రెండు చేతులతో ఆవిణ్ని లాగుతున్నాడు. కాళ్ల కింద ఏముందో చూసుకోలేదు. ఫొటో తీయమని ఎవరికీ తోచలేదు, అదొక్కటే లోటు.

చెక్క మీంచి జారి ఒక పాప గడ్డం గీరుకుంది. ఆ విషయం కార్యవర్గంలో గంటసేపు నలిగింది. చెక్క ఎత్తు నిలువు ఇటుక నుంచి పడుకోబెట్టిన ఇటుకకి దించాం, చెక్కని మాత్రం తీసేయలేదు. మడమంత ఎత్తు నుంచి పడడం కూడా తెలియాలని నా అభిప్రాయం. ఆ పాప తల్లి కూడా మరుసటి శనివారమే తీసుకొచ్చారు. అసలు ప్రమాదం జారుడుబండది. ఇనుప రేకు. ఏప్రిల్, మే ఎండలో దానిమీద అట్టు వేయొచ్చు. అందుకే వేసవిలో పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా దానికి తాడు కడుతున్నాం. తాడు విప్పి పిల్లల్ని ఎక్కించేవారు తొడలు కాలాక నన్ను తిట్టొద్దని మనవి.

జారుడుబండ కింద సిమెంటు గచ్చు పగలగొట్టి ఇసుక పోయించమని మున్సిపల్ ఆఫీసుకి నాలుగు అర్జీలు పెట్టాం. మొదట ఎన్నికల కోడ్ అన్నారు. కోడ్ పోయాక బదిలీలన్నారు. సెప్టెంబరులో సిబ్బంది విజయవాడ వరద పనుల మీద వెళ్లారన్నారు. అది నిజమే, దానికి తప్పు పట్టను. మరి డిసెంబరులో? ఫైలు కనబడటం లేదన్నారు. చివరికి మనమే గచ్చు పగలగొట్టించాం, మనమే ఇసుక పోయించాం. పార్కులో వెలగని రెండు దీపాల సంగతి వాళ్లని అడగడం మానేశాను.

ఇసుక పోశాక పిల్లులొచ్చాయి. రాత్రి టార్పాలిన్ కప్పకపోతే పొద్దున్న పిల్లలు ఆడే ఇసుక ఏమవుతుందో వివరించక్కర్లేదు. కప్పడానికి స్వచ్ఛందంగా పేర్లిచ్చినవారు 14 మంది. వాట్సాప్‌లో దండం బొమ్మలు పెట్టినవారు ఇంకా ఎక్కువ. వచ్చేది ముగ్గురు, అందులో ఒకరు వాచ్‌మన్. "మాస్టారూ, ఇవాళ కుదరదు" అనే మెసేజు రాత్రి తొమ్మిదిన్నరకి పెట్టకండి. ఆరింటికి పెడితే నేనే భోజనానికి ముందు వెళ్లొస్తాను. అలాగే పార్కు తూర్పు వైపు ఖాళీలో కార్లు పెట్టేవారు శని, ఆదివారాలు ఒక్క గంట తీసి సాయపడండి. పిల్లలు పరుగెత్తడానికి ఉన్న నిడుపైన చోటు అదొక్కటే.

పక్కనున్న అంగన్‌వాడీ పిల్లల్ని కలుపుకున్నందుకు కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. చందా కట్టేది మనం, ఆడేది వాళ్లా అని. సంఘం లెక్క ప్రకారం సమాధానం: వాళ్ల వల్ల అదనపు ఖర్చు రూపాయి లేదు. నా సమాధానం వేరు: ఒంటికాలి గెంతుడు మన పిల్లలకి నేర్పింది వాళ్లే. టైరు తిన్నగా దొర్లించడం మన పిల్లల్లో ఒక్కరికీ రాదు, వాళ్లలో అందరికీ వచ్చు. అంగన్‌వాడీ టీచరు గారు వాళ్ల ఆటవస్తువులు మనకి అరువిచ్చారు, ఆయమ్మ గారు పిలవకుండానే వచ్చి పార్కు ఊడ్చారు. అంగన్‌వాడీల పథకం మొదలైంది 1975 అక్టోబరు 2న. 2025 అక్టోబరుకి 50 ఏళ్లు. ఆ రోజు వాళ్లిద్దరికీ మన హాల్లో శాలువా కప్పాలని ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవారు చెయ్యెత్తండి.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు, కాగితం మీ కుర్చీల్లో ఉంది. ఇసుకకి అనుకున్నదానికంటే ఎక్కువైంది, బంతులకి తక్కువైంది. ట్రాక్టరు కిరాయి రసీదు దొరకలేదు, అది నా తప్పే, ఆ మొత్తం నేనే వేసుకున్నాను. ఆడిటు చేసినవారికి కృతజ్ఞతలు.

కృతజ్ఞతల జాబితా పేర్లతో సహా బోర్డు మీద పెట్టాం. అయినా కొందరిని తలచుకోక తప్పదు. టైర్లిచ్చిన మెకానిక్కు షాపు వారు, గుడ్డబంతులు కుట్టిన టైలరు గారు, జంపఖానాలిచ్చిన గుడి కమిటీ, డాక్టరమ్మ గారు, సొరంగానికి చీరలిచ్చి తిరిగి అడగని ఇల్లాళ్లు, సంక్రాంతి ఆదివారం ఆఖర్న మిగిలిన పులిహోరతో సహా సర్దిపెట్టిన ఐదో లైను కుర్రాళ్లు. మా ఆవిడకి కూడా. ఈ ఏడాదిలో ఒక్క శనివారం సాయంత్రమూ నేను ఇంట్లో లేను, చింతపిక్కలన్నీ మా వంటింట్లోవే.

కొత్త కార్యవర్గం ముందున్న పనులు: ఉయ్యాల గొలుసు అరిగింది, జూన్ లోపు మార్చాలి. వానాకాలంలో ఆట ఆగిపోకుండా హాలు వరండా వాడుకునేందుకు అనుమతి కావాలి. వారం మధ్యలో ఒక సాయంత్రం నడపడానికి ఇద్దరు నాన్నలు కావాలి, మాటిచ్చేవాళ్లు కాదు, వచ్చేవాళ్లు. టార్పాలిన్ వంతుల పట్టిక గేటు పక్కన తగిలించాం. ఈ రాత్రి వంతు ఎవరిదో టీ తాగి వెళ్లేటప్పుడు చూసుకోండి.

భవదీయుడు,
కార్యదర్శి