సోమ, గురువారాలు నావి

నరసన్నపేట

అమ్మలూ,

ఫోన్లో కోప్పడ్డావుగా, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. "నీ మోకాళ్లకే దిక్కు లేదు, ఊళ్లోవాళ్లకు చాకిరీ ఏంటమ్మా" అన్నావు. ఒక్కదాన్నే చేస్తుంటే నువ్వన్నది నిజమే. మేం ఎనిమిది మందిమి.

ఎదురింటి మామ్మ పక్షవాతంతో మంచాన పడ్డాక చూసుకునేది కోడలు, అదే మీ పిన్ని, ఒక్కతే. కొడుకు పని చెన్నైలో. మామ్మకు నెలకు 15,000 పింఛను వస్తోంది కాబట్టి డబ్బుకి మరీ కటకట లేదు. పిన్నికి లేనిది నిద్ర. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి మామ్మను ఒత్తిగిలించాలి, రాత్రిళ్లు కూడా. చూడ్డానికొచ్చినవాళ్లు యాపిల్స్ పెట్టి, "ఏదైనా అవసరమైతే చెప్పమ్మా" అని వెళ్లిపోయేవారు. ఎవరికని చెబుతుంది, ఏమని చెబుతుంది?

అందుకే మేం అడగడం మానేసి, ఎవరికి ఏ రోజు ఏ పనో కాగితం మీద రాసి వాళ్ల తలుపుకి అంటించాం. సోమ, గురువారాలు మధ్యాహ్నం నావి. తల కాస్త ఎత్తిపెట్టి చోడి అంబలి చెంచాతో పడతాను, లేదంటే పొలమారుతుంది. బరువెత్తే పని నాకివ్వలేదులే, అది డిగ్రీ పిల్లలిద్దరిది. మందుల షాపుకెళ్లే పని మీ నాన్నది. మందులు మార్చడం, పుండ్లకు కట్లు కట్టడం మాలో ఎవరూ చెయ్యరు, నర్సమ్మకే చెబుతాం. ఆ ఇంటి సంగతులు బయట మాట్లాడకూడదన్నది ఇంకో నియమం. మన వీధిలో అన్నిటికన్నా కష్టమైంది అదే!

మొదట్లో పిన్ని గడప దాటేది కాదు. అత్తను ఊరి మీద వదిలేసి తిరుగుతోందంటారని భయం. అనేవాళ్లు అన్నారు కూడా. ఇప్పుడు పక్కగదిలో తలుపేసుకుని హాయిగా పడుకుంటోంది. మొన్న బజారుకెళ్లి గాజులు వేయించుకొచ్చింది. మామ్మకు మాట రాదుగా, బాగున్న చేత్తో ఆ గాజుల్ని ఒక్కొక్కటే తిప్పి చూసింది.

ఇది మేం కనిపెట్టిందేం కాదు. కేరళలో, మలప్పురం వైపు, ఇరుగుపొరుగువాళ్లు ఇలా చెయ్యబట్టి పాతికేళ్లు దాటింది. 2008లో అక్కడి ప్రభుత్వం దీనికి ఒక విధానమే తెచ్చింది. వాళ్లకు ఇళ్లకు తిరిగే నర్సులున్నారు. మనకు అదే లోటు.

డబ్బు పంపుతానన్నావు, వద్దనను. మామ్మకు గాలి పరుపు కొనాలి. కానీ మీ అత్తగారు కూడా మీ మామగారికి ఒక్కతే చేస్తోంది కదా. ఈ ఆదివారం మధ్యాహ్నం నువ్వు, అల్లుడు వెళ్లి ఆయన దగ్గర కూర్చోండి. రమ్మంటారా అని అడగొద్దు, మొహమాటానికి వద్దంటుంది. వస్తున్నామని చెప్పి వెళ్లండి.

అమ్మ