దర్శనాలను వాక్యంతో సరిచూసే బాధ్యత ఎవరిది?

సంపాదకుడికి,

అయ్యా,

తెల్లవారుజామున టీవీ పెడితే చాలు, ఏదో ఒక చానల్లో ఒక దైవజనుడు కళ్లు మూసుకుని "ఫలానా జిల్లాలో మోకాళ్ల నొప్పితో లేవలేకపోతున్న ఒక సహోదరిని ప్రభువు నాకు చూపిస్తున్నాడు" అని చెబుతుంటారు. తెర అడుగున ప్రార్థనకు ఒక ఫోన్ నంబరు, కానుకలకు ఇంకొక నంబరు కదులుతుంటాయి. పరలోకం చూసి వచ్చామనీ, నరకంలో ఎవరెవరు ఉన్నారో చూశామనీ చెప్పే వీడియోలకైతే లెక్కే లేదు. ఇవన్నీ అబద్ధాలని తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. క్రైస్తవ విశ్వాసంలో దర్శనాలకు చోటుంది, వాటిని పరీక్షించాలన్న ఆజ్ఞ కూడా ఉంది. మన సంఘాలు మొదటిదాన్ని మైకులో చాటి, రెండోదాన్ని మరిచిపోతున్నాయన్నదే నా ఫిర్యాదు.

ఎవరైనా సందేహం వెలిబుచ్చితే "ఆత్మను ఆర్పకుడి" అన్న వాక్యం చూపించి నోరు మూయిస్తారు. థెస్సలొనీకయులకు ఆ మాట రాసిన అపొస్తలుడైన పౌలే, దాని వెంటనే "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అని కూడా రాశాడు. ఆ రెండు మాటల మధ్య ఉన్నది ఒక్క వాక్యమే. అక్కడిదాకా చదవకుండా బైబిలు మూసేసేవారిని ఏమనాలి?

దర్శనాలను సమర్థించేవారు తరచుగా ఎత్తిచూపే ఉదాహరణ యేసు శిష్యుడైన పేతురుది. యొప్పేలో మిద్దెమీద ప్రార్థన చేసుకుంటున్న పేతురుకు ఆకాశం నుంచి పెద్ద దుప్పటి వంటిది దిగివచ్చి, మోషే ధర్మశాస్త్రం నిషేధించిన జంతువులను చంపి తినమన్న స్వరం వినిపించింది. లేఖనానికి విరుద్ధంగా కనిపించే దర్శనాన్ని కూడా దేవుడు ఇస్తాడనడానికి ఇదే సాక్ష్యం కదా అని వారి వాదన. వాదన బలమైనదే గాని, బైబిలులోని అపొస్తలుల కార్యములలో ఆ తర్వాత జరిగిన కథ వారు చెప్పరు. అదే దర్శనం మూడుసార్లు కలిగినా పేతురు దాని భావం తెలియక తికమకపడ్డాడే తప్ప, ఆ సాయంత్రానికే కొత్త బోధ ప్రకటించలేదు. యూదుడు కాని కొర్నేలి పిలిస్తే కైసరయకు వెళ్లేటప్పుడు ఆరుగురు సహోదరులను వెంట తీసుకువెళ్లాడు. యెరూషలేముకు తిరిగి రాగానే యూదులు కానివారి ఇంటికి ఎందుకు వెళ్లావని సాటి విశ్వాసులే ఆయనను నిలదీస్తే, "నన్నే ప్రశ్నిస్తారా" అని కోప్పడకుండా, మొదటినుంచి జరిగినదంతా వరుసగా వివరించి, ఆ ఆరుగురినీ సాక్షులుగా నిలబెట్టాడు. అంతటితోనూ విషయం ముగియలేదు. తర్వాత అన్యజనుల, అంటే యూదులు కానివారి, గురించి యెరూషలేములో పెద్దలు కూడి చాలాసేపు తర్కించినప్పుడు, యాకోబు లేచి ఆమోసు ప్రవచనం చదివి, పేతురు చెప్పినది దానితో సరిపోతున్నదని చూపించాకే నిర్ణయం చేశారు. పేతురంతటివాడి దర్శనమే సాక్షులను, విచారణను, లేఖనాన్ని దాటుకుని రావలసివచ్చినప్పుడు, మన కాలపు దర్శనాలకు మినహాయింపు ఎక్కడిది?

పౌలు సంగతి ఇంకా విచిత్రం. మూడవ ఆకాశానికి కొనిపోబడిన అనుభవాన్ని పద్నాలుగేళ్ల తర్వాత, అదీ కొరింథీయులు బలవంతపెట్టినంత పని చేస్తే, "ఒక మనుష్యుని నేనెరుగుదును" అంటూ తన పేరు చెప్పుకోకుండా ప్రస్తావించి, అక్కడ విన్న మాటలు మనుష్యుడు పలకకూడనివని ఊరుకున్నాడు. ఈ రోజుల్లో తెల్లవారి కలిగిన దర్శనం మధ్యాహ్నానికి యూట్యూబ్‌లో ఉంటోంది.

తొందరపాటు ఎక్కడికి దారితీస్తుందో అమెరికాలోని అలెక్స్ మలార్కీ ఉదంతం చూపింది. 2004లో కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడినప్పుడు అతనికి ఆరేళ్లు. పరలోకం చూసి వచ్చిన పిల్లవాడిగా అతని కథ తండ్రి పేరుతో కలిపి 2010లో పుస్తకమై లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. 2015 జనవరిలో అలెక్స్ బహిరంగ లేఖ రాసి, తాను చనిపోలేదనీ, పరలోకానికి వెళ్లలేదనీ, నలుగురి దృష్టీ తనమీద పడుతుందని అలా చెప్పాననీ ఒప్పుకున్నాడు. ప్రచురణకర్తలు పుస్తకాన్ని ఉపసంహరించుకున్నారు. బైబిలు చదవండి, అది చాలు అని కూడా ఆ కుర్రవాడు ఆ లేఖలో రాశాడు. నేను తప్పుపట్టేది అతన్ని కాదు, ఆరేళ్ల పిల్లవాడి మాటను అచ్చువేయడానికి తొందరపడిన పెద్దలను.

కతోలిక సంఘం ఈ విషయంలో మనకంటే నిదానంగా నడుస్తుంది. 1981 నుంచి బోస్నియా హెర్జెగోవినాలోని మెజుగోరియెలో మరియమాత దర్శనాలు కలుగుతున్నాయని చెబుతుంటే, వాటికి సంబంధించిన భక్తికి వాటికన్ అభ్యంతరం లేదన్నది 2024 సెప్టెంబరులో. అప్పుడు కూడా ఆ దర్శనాలు దైవికమేనని తేల్చిచెప్పలేదు, వాటిని నమ్మితీరాలని ఎవరినీ నిర్బంధించలేదు.

మనం ఎంతో గౌరవించే సువార్తికుడు సాధు సుందర్ సింగ్‌కు 1904లో కలిగిన దర్శనం ఆయనను క్రీస్తు దగ్గరికి, సువార్త దగ్గరికి నడిపించింది. ఆత్మలోకం గురించి ఆయన చూసిన దర్శనాలు 1926లో పుస్తకంగా వచ్చాయి. మొదటిదాన్ని మనస్ఫూర్తిగా అంగీకరించినవారు రెండోదాన్ని కూడా వేదవాక్యంగా తీసుకోవాలన్న నియమం లేదు. మనిషి యథార్థవంతుడైనంత మాత్రాన అతడు చూసినదల్లా దేవుని మాట అయిపోదు.

ఇక జరిగే నష్టం గురించి ఒక్క మాట. దర్శనంలో స్వస్థత చూశామని చెప్పి డాక్టరు రాసిన మందులు మానిపించేవారు, చావుకు దగ్గరైన జబ్బుపడిన యూదా రాజు హిజ్కియా కథ మళ్లీ చదవాలి. అతడు బ్రతుకుతాడన్న మాట దేవుని నోటినుంచి తెచ్చిన యెషయా ప్రవక్తే, పుండుమీద అంజూరపుపండ్ల ముద్ద కట్టమని కూడా చెప్పాడు.

అందువల్ల సంఘ పెద్దలకు నా విన్నపం: దర్శనం చూశానన్న వ్యక్తికి మైకు ఇచ్చేముందు ఇద్దరు ముగ్గురు కూర్చుని వినండి, లేఖనంతో సరిచూడండి, జరగబోయేదానికి తేదీ చెబితే రాసి ఉంచుకుని ఆ తేదీ దాటాక సంఘం ముందు చదవండి. మీ పత్రికకూ ఒక మనవి. ఆధ్యాత్మిక పేజీలో ఇలాంటి సాక్ష్యాలు వేసేటప్పుడు, దాన్ని ఎవరు విచారించారు, ఏ వాక్యంతో సరిచూశారు, దాని పేరున కానుకలు అడుగుతున్నారా అన్న వివరాలు కూడా అడిగి ప్రచురించండి.

భవదీయుడు,
ఒక సంఘ సభ్యుడు,
గుంటూరు జిల్లా